‘చాలు’ అన్న ఒక్క మాట

(పెంతెకొస్తు పండుగ సాయంత్రం, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని ఒక సంఘంలో కాపరి చేసిన ప్రసంగం)

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీకందరికీ వందనాలు. మన పిలుపు మన్నించి వచ్చిన ఊరి పెద్దమనుషులకు, ఆశా తాయిలకు, అంగన్‌వాడి తాయిలకు, బడి గురూజీలకు నమస్కారం. మీలో చాలామంది మా ఆరాధనకు వచ్చేవాళ్లు కాదు. ప్రార్థన చేయించడానికి మిమ్మల్ని పిలవలేదు. రాబోయే ఏడాది ఈ సంఘం ఊరికి ఏం చేయాలనుకుంటున్నదో చెప్పబోతున్నాం. ఊరి మాట ఊరి ముందరే చెప్పాలి గదా అని పిలిచాం. తమ్మీ, ఆ కూలరు ఇటు అమ్మల వైపు తిప్పు. పసిపిల్లలున్నారు.

ఇవాళ చోటు చాలక బయట పందిరి కింద కూడా కూర్చున్నారు. ఫిబ్రవరిలో ఇదే గదిలో నేను ఎనిమిది మందికి వాక్యం చెప్పాను. తక్కినవాళ్లంతా ఏటి అవతల మిరప చేన్లల్లో ఉన్నారు. మిరప అయ్యాక వచ్చారు. నడుం వాల్చకముందే తునికాకుకు అడవిలోకి పోయారు. ఇప్పుడు కల్లాలు మూతబడ్డాయి. ఆకు పైసలు కొందరికి అందాయి, కొందరికి ఇంకా అందలేదు. వానలు పడలేదు. ఊరివాళ్లంతా ఊళ్లో ఉండే నాలుగు రోజులు ఇవే. పెంతెకొస్తు సరిగ్గా ఈ రోజుల్లో రావడం నాకు ప్రతి ఏడూ సంతోషం.

ఎందుకంటే ఇది పంట పండుగ. పెంతెకొస్తు అనగానే మనకు యేసు శిష్యుల మీద పరిశుద్ధాత్మ దిగిన మేడగది గుర్తుకొస్తుంది, అగ్నినాలుకలు, అన్యభాషలు గుర్తుకొస్తాయి. అవి జరగకముందు వందల ఏళ్ల నుంచీ యూదులు ఈ పండుగ చేసుకుంటున్నారు. పస్కా నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి, యాభయ్యో రోజున కొత్త గోధుమలతో రొట్టెలు చేసి దేవుని సన్నిధికి తెచ్చేవాళ్లు. లేవీయకాండం 23వ అధ్యాయంలో ఆ విధి అంతా ఉంది. విధి ముగిసీ ముగియకముందే, 22వ వచనంలో, పండుగతో సంబంధం లేనట్టు కనిపించే మాట ఒకటి వస్తుంది. పంట కోసేటప్పుడు చేని అంచుల దాకా కోయకండి, రాలింది ఏరుకోకండి, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టండి అని. బైబిలు తరగతిలో చదువుకునే రోజుల్లో ఈ వచనం ఇక్కడికెందుకు వచ్చిందా అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, పండుగలో అదీ భాగమేనని. యూదులు ఈ పండుగ నాడు ఇప్పటికీ రూతు గ్రంథం చదువుతారు. రూతు ఎవరు? అత్తను విడవలేక పరాయి దేశం వచ్చి, ఎవరో తెలియని ఆసామి చేన్లో వెన్నులు ఏరుకున్న విధవరాలు. ములుగు వైపు చేన్లల్లో మిరప ఏరి, రాత్రిపూట మండే చేతులకు నూనె రాసుకుని పడుకున్న అక్కలు ఇక్కడ ముప్పైమంది ఉన్నారు. వాళ్లకు రూతు సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఇక భాషల సంగతి. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం మనకు కంఠస్థమే. ఆ రోజు యెరూషలేములో పార్థీయులున్నారు, మాదీయులున్నారు, ఏలామీయులు, ఐగుప్తువాళ్లు, రోమావాళ్లు, అరబీయులు ఉన్నారు. వాళ్లు దేనికి విస్తుపోయారో జాగ్రత్తగా చదవండి. మాట్లాడే శిష్యులేమో గలిలయవాళ్లు. మేం పుట్టిన ఊరి మాటలో వింటున్నామే, ఇదేమిటి అని విస్తుపోయారు. దేవుడు తలచుకుంటే అక్కడున్న అందరికీ ఒక్క భాష నేర్పించేవాడు. నేర్పించలేదు. వచ్చిన జనాన్ని గలిలయ మాట నేర్చుకోండని పంపలేదు, గలిలయవాళ్ల నాలుకనే వచ్చిన జనం వైపు తిప్పాడు.

మన తాలూకా సంగతి మీకు తెలుసు. వార్ధా, వైన్‌గంగా కలిసిన నీళ్లు ప్రాణహితగా వచ్చి ఇక్కడ గోదారిలో కలుస్తాయి. అవతలి గట్టున కాళేశ్వరం, తెలంగాణ. తూర్పున సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలుస్తుంది, అవతల ఛత్తీస్‌గఢ్. ఇంట్లో తెలుగు. బడిలో, తహసీలులో, ఠాణాలో మరాఠీ. అడవి పల్లెల్లో మాడియా, గోండి. బస్టాండులో హిందీ. మందుల చీటీ ఇంగ్లీషు. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా చేశారు. ఆ జిల్లా కేంద్రం మనకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఒక సంతకం తప్పు పడితే ఆలాపల్లి దారిలో ఒక రోజు పోను, ఒక రోజు రాను. ఆ రెండు రోజుల కూలి పోయినట్టే.

మీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటి ఇవాళ చెబుతాను.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా అమ్మకు క్షయ వచ్చింది. నాయన అడవి కూపులో పనికి పోయేవాడు, వారానికోసారి వచ్చేవాడు. అమ్మ ఒక్కతే ఆసుపత్రికి నడిచిపోయి గోళీలు తెచ్చుకునేది. రెండు నెలలు మింగింది. దగ్గు తగ్గింది, ముఖం తేటపడింది, నాటు పని వచ్చింది. మానేసింది. కొన్నాళ్లకు జ్వరం తగిలి మళ్లీ పోయింది. అక్కడున్న నర్సు మంచిమనిషి, అమ్మ చివరిదాకా ఆమెను మంచిదనే అన్నది. ఆ నర్సు కాయితం చూసి అడిగింది: “గోళ్యా చాలూ?” మరాఠీలో చాలూ అంటే నడుస్తున్నాయా, ఇంకా మింగుతున్నావా అని. మా అమ్మకు వినబడింది గోళీలు చాలునా అని. “చాలు, చాలు” అన్నది చెయ్యి ఊపుతూ. సరే, మింగుతూనే ఉంది గదా అని నర్సు రాసుకుంది. జ్వరానికి మందిచ్చి పంపించింది.

ఇంటికొచ్చి ఆ మాట మాకు నవ్వుతూ చెప్పింది. గోళీలు చాలా అని అడిగిన్రు, చాలన్న అని. నాకు మరాఠీ వచ్చు. గురూజీ ముందు పద్యం తప్పు లేకుండా అప్పజెప్పేవాణ్ని. ఆమె చెప్పిన మాట నేను కూడా తెలుగులోనే విన్నాను. నాకూ తట్టలేదు. వానలు తగ్గే వేళకు రక్తం పడటం మొదలైంది. దీపావళికి ముందు అమ్మ పోయింది. చాలా ఏళ్లకు, పెద్దవాణ్నయ్యాక, ఒక ఆసుపత్రి వరండాలో వేరే ఎవరినో ఒక సిస్టరు అదే మాట అడుగుతుంటే విన్నాను. గోళ్యా చాలూ ఆహేత్ కా? అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

అప్పుడు మా ఇంట్లో విశ్వాసులు ఉపవాసముండి ప్రార్థించారు. ఆ ప్రార్థనను నేను తక్కువ చేయను. చివరి రాత్రుల్లో అమ్మ ముఖంలో భయం లేదు, అది ప్రార్థన వల్లనే. కానీ అంతమంది వచ్చిపోయిన ఇంట్లో, అమ్మ వెంట ఆసుపత్రి దాకా నడిచి, నర్సు మాట అమ్మకూ అమ్మ మాట నర్సుకూ చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. అన్యభాషలతో ప్రార్థించాం. పక్కనే ఉన్న మరాఠీని దానికి వాడుకోవాలని మాకెవరికీ తోచలేదు.

ఆరో అధ్యాయానికి రండి. మేడగది జరిగి ఎక్కువ కాలం కాలేదు. సంఘంలో సణుగుడు మొదలైంది. ఎవరిది? గ్రీకు మాట్లాడే యూదులది. మా విధవరాండ్రను రోజువారీ వడ్డనలో వదిలేస్తున్నారని. భాష తేడా ఉన్న ముసలమ్మల దగ్గరికి అన్నం చేరడం లేదు. ఆత్మ దిగిన సంఘంలోనే! అపొస్తలులు కోప్పడలేదు. ఏడుగురిని ఎంచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రకు అన్నం అందలేదో వాళ్ల భాషవాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. భాషల వరం రెండో అధ్యాయంలో దిగింది, ఆరో అధ్యాయానికి వడ్డన బల్ల దగ్గరికి వచ్చింది.

ఇది మన మహారాష్ట్రలో కూడా జరిగింది. లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధి ఉజ్జీవం 1906లో. పెంతెకొస్తు సంఘాల మొదలు అంటే అందరూ దాన్నే చెబుతారు. దానికి ఒక ఏడాది ముందే, 1905 జూన్‌లో, పుణె జిల్లా కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి ఆశ్రమంలో ఆడపిల్లల మీద ఆత్మ కుమ్మరింపు జరిగింది. ఎవరా ఆడపిల్లలు? చాలామంది బాల వితంతువులు, కరువులో దిక్కులేనివాళ్లయినవాళ్లు. 1896, 97 కరువులో రమాబాయి సెంట్రల్ ప్రావిన్సెస్‌కు వెళ్లి, ఆకలితో రోడ్డున పడ్డ పిల్లలను వెంటబెట్టుకుని తెచ్చింది. ఆ రోజుల్లో మన సిరొంచ కూడా సెంట్రల్ ప్రావిన్సెస్‌లోదే. ఆమె తల్లిదండ్రులు కూడా కరువులోనే పోయారు. ఆ ఆశ్రమంలో ప్రార్థనతోపాటు మగ్గం ఉంది, అచ్చు యంత్రం ఉంది, సేద్యం ఉంది, చదువుంది. సంస్కృతంలో పండితురాలు, అయినా బైబిలును మామూలు ఆడవాళ్లకు అర్థమయ్యే మరాఠీలోకి తేవాలని చివరి ఏళ్లన్నీ దానికే పెట్టింది. 1922లో కన్నుమూసింది. ఆ ఉజ్జీవానికి మనం వారసులం అని చెప్పుకుంటే ఆ మగ్గానికీ వారసులం కావాలి.

సరే, మనం చేయబోయేది చెబుతాను.

ముందుగా, మాట తోడు. వారంలో రెండు రోజులు, మరాఠీ చదవడం రాయడం వచ్చిన మన పిల్లలు ఇద్దరు ఆసుపత్రి దగ్గర, ఇద్దరు తహసీలు దగ్గర ఉంటారు. ఎవరికి తోడు కావాలంటే వాళ్లతో లోపలికి వెళ్తారు. వాళ్లు ఏ మతంవాళ్లని అడగరు. డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పి, రోగి నోటితో మళ్లీ చెప్పించుకుంటారు, అర్థమైందో లేదో తెలియడానికి. గోళీ ఎన్ని రోజులు, ఎప్పుడు మళ్లీ రావాలి, ఇవి కాయితం మీద తెలుగులో రాసిస్తారు. చదవడం రానివాళ్లకు పొద్దు బొమ్మ, చందమామ బొమ్మ వేసిస్తారు. రోగి సంగతి బయట ఎవరికీ చెప్పకూడదు. ప్రార్థన అంశంగా కూడా చెప్పకూడదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మనకు ఆ అలవాటుంది. ఫలానా అక్కకు ఫలానా జబ్బు, ప్రార్థించండి అని మైకులో చెప్పేస్తాం. ఇక చెప్పం.

మొన్న రేషను దగ్గర ఒక ముసలమ్మ “నాకు, నాకు” అని చెయ్యి చాపింది. కొత్తగా వచ్చిన అబ్బాయికి మరాఠీ తప్ప రాదు. “నకో” అంటున్నదనుకున్నాడు, వద్దంటున్నదని. పక్కకు జరిపి తర్వాతివాళ్లను పిలిచాడు. వెనకున్న అమ్మాయి చూసి చెప్పింది కాబట్టి సరిపోయింది. ఆ అమ్మాయి అదిగో, మూడో వరుసలో తల దించుకుని కూర్చుంది. మన సేవ ఆమె అప్పుడే మొదలుపెట్టేసింది.

ఇందుకు పెద్ద చదువులు కావాలని అనుకోకండి. మన జిల్లాలోనే డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో సెర్చ్ సంస్థ పెట్టి, ఊళ్లల్లో కొద్దిపాటి చదువున్న ఆడవాళ్లకు తర్ఫీదు ఇచ్చారు. పురిటింట్లోనే పసికందును తూచి, ఊపిరి లెక్కపెట్టి, జబ్బు గుర్తుపట్టి మందివ్వడం నేర్పారు. పసికందుల చావులు సగానికి పైగా తగ్గాయి. 1999లో అది ప్రపంచానికంతా తెలిసింది. మన గడ్చిరోలి పల్లె ఆడవాళ్లు చేసిన పని అది.

రెండోది స్వస్థత. ఇక్కడ నేను నా తప్పు ఒప్పుకోవాలి. ఆరేళ్ల కింద ఒక సహోదరుడు ఈ బల్ల పక్కనే నిలబడి, ప్రార్థనలో స్వస్థపడ్డాను, టీబీ గోళీలు అవతల పారేశాను అని సాక్ష్యమిచ్చాడు. మీరంతా హల్లెలూయ అన్నారు. నేనూ అన్నాను. మా అమ్మ కథ కడుపులో పెట్టుకుని కూడా అన్నాను. నాలుగు నెలలకు ఆయన్ను మంచం మీద మోసుకుపోయాం. దేవుని దయవల్ల బతికాడు, ఈసారి ఇంకా ఎక్కువ కాలం, ఇంకా గట్టి మందులు మింగాల్సి వచ్చింది. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను, చచ్చేదాకా నమ్ముతాను. రోగి తల మీద నూనె రాసి ప్రార్థించడం మానను. కానీ ఈరోజు నుంచి ఈ సంఘంలో మందు మానేశానన్న సాక్ష్యం ఉండదు. డాక్టరు పరీక్ష చేసి జబ్బు లేదు అన్నాక, ఆ కాయితం పట్టుకొచ్చి సాక్ష్యం చెప్పండి, నాకంటే గట్టిగా స్తోత్రం చెప్పేవాళ్లుండరు. ఆత్మ దిగివచ్చిన ఆ అధ్యాయం మనకు రాసిపెట్టింది లూకా. ఆయన్ను పౌలు ప్రియమైన వైద్యుడు అన్నాడు. వైద్యుడి చేతి మీదుగా వచ్చిన పెంతెకొస్తు మనది. టీబీ ఉన్నవాళ్లకు ఇప్పుడు ప్రభుత్వం తిండికని నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకులో వేస్తుంది. 2024 నవంబరు దాకా ఐదు వందలే ఉండేది. ఖాతా లేక, ఆధార్ కలపక అవి అందనివాళ్లుంటే మాట తోడు పిల్లలకు చెప్పండి.

సారా సంగతి. 1993 నుంచి మన జిల్లాలో మద్య నిషేధం ఉంది. దాని కోసం పోరాడినవాళ్లల్లో ఆడవాళ్లే ఎక్కువ. కానీ ఏరు దాటితే బెల్టు షాపు, ఇంట్లో ఇప్పసారా. మన సంఘంలో తాగి మానేసిన అన్నలు పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లతో నేను మాట్లాడాను. మానిన మొదటి వారం చేతులు వణికి, నిద్ర పట్టక, పిచ్చి చూపులు చూసిన రాత్రులుంటాయి. ఆ రాత్రుల్లో పక్కన కూర్చోవడానికి ఆ పద్నాలుగు మంది వంతులేసుకున్నారు. వణుకు ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకుపోతారు, ఇంట్లో కట్టేసి ప్రార్థించరు. పొగాకు, వక్క కలిపి నమిలే ఖర్రా గురించి కూడా చెప్పాలి. సారా పాపమంటాం, ఖర్రా పొట్లం జేబులో పెట్టుకుని ఆరాధనకు వస్తాం. నోరు తెరవలేక అన్నం పిసికి తింటున్న పాతికేళ్ల పిల్లలు మన ఊళ్లో ఉన్నారు. సంఘ పెద్దలు ముందు మానాలని పోయిన ఆదివారం కూర్చుని మాట్లాడుకున్నాం. మానుతున్నారు. పేర్లు చెప్పను.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికన్నా దగ్గరిది, మిరప నెలల పిల్లలు. తల్లిదండ్రులు మిరప పనికి పోతే పిల్లలూ వెంట పోతారు. రెండు మూడు నెలల బడి పోతుంది. తిరిగొచ్చేసరికి గురూజీ పాఠం ఎక్కడో ఉంటుంది, పిల్ల వెనక బెంచీకి పోతుంది, తర్వాతి ఏడు అసలే పోదు. రాబోయే ఫిబ్రవరి నుంచి ఈ గది, పక్క రేకుల గది పిల్లలకు. ఊళ్లో ఉండిపోయే అవ్వలు, తాతలు ఇరవై మందిమి అన్నం వండి, పిల్లల్ని పడుకోబెట్టి, పొద్దున బడికి పంపుతాం. గురూజీ ఒప్పుకున్నారు, సాయంత్రం గంట కూర్చోబెట్టి మరాఠీ చదివిస్తారు. రాత్రి మా ఇంటామె తెలుగు అక్షరాలు నేర్పుతుంది. మాతృభాషలో తొలి చదువుకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. అది అడగాల్సిన చోట అడుగుదాం. అందాకా మన పిల్లలు అవ్వ చేత రాయించిన చీటీ చదవలేని స్థితిలో ఉండకూడదు. ఇక్కడ బైబిలు తరగతి పెట్టం. హిందువుల పిల్లలుంటారు, గోండుల పిల్లలుంటారు, ముసల్మానుల పిల్లలుంటారు. వాళ్ల తల్లిదండ్రులు నమ్మి అప్పజెబుతారు. నమ్మి ఇచ్చిన బిడ్డను మన లెక్కలో కలుపుకోవడం దొంగతనం.

ఆ మాట వచ్చింది కాబట్టి పెద్దమనుషుల ముందు తేటగా చెబుతున్నాను. చేసే సాయానికి ప్రతిఫలంగా ఎవరినీ ఏమీ అడగం. బియ్యమిచ్చి బాప్తిస్మం అడిగితే అది బాప్తిస్మం కాదు. యేసు పదిమంది కుష్ఠురోగులను బాగుచేశాడు, ఒక్కడే తిరిగొచ్చాడు. తిరిగిరాని తొమ్మిదిమందికి జబ్బు మళ్లీ అంటించలేదు. వచ్చే కానుకలో ఈ పనులకు పోయేది ఎంతో నెలనెలా గోడకు అంటిస్తాం, తెలుగులో, మరాఠీలో. ఎవరైనా వచ్చి చదవచ్చు.

నీళ్ల గురించి ఒక్కమాట. 2022 జూలైలో గోదారి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు మన దిగువ పల్లెలు ఏమయ్యాయో చూశాం. 1986 వరద చూసిన పెద్దయ్యలు అప్పట్లా ఉంది అన్నారు. ఈ గది కొంచెం మిట్ట మీద ఉంది. తాళం చెవి ఇకనుంచి నా దగ్గర ఒకటి, ఎదురింటి పెద్దయ్య దగ్గర ఒకటి. ఆయన మన విశ్వాసి కాదు. అర్ధరాత్రి నీళ్లొస్తే కాపరి కోసం ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు. గొడ్లను వెనక ఆవరణలో కట్టుకోండి.

ఇప్పుడు మొదటి వరుస నుంచి ఒక పుస్తకం వస్తుంది. పేరు రాయండి, దాని పక్కన మీకు వచ్చిన భాషలు రాయండి. చదవడం వస్తే చదవడం అని, మాట్లాడటమే వస్తే మాట అని. మాడియా వచ్చినవాళ్లు మనలో ఇద్దరే ఉన్నారని అనుకుంటున్నాను, ఇంకెవరైనా ఉంటే దాచుకోకండి. ఆ పల్లెలకు మనం వెళ్లి నడిపించడం కాదు, ఆ భాషవాళ్లకే ఆ పని అప్పజెప్పాలి, ఆరో అధ్యాయంలో చేసినట్టు. బయట నుంచి వచ్చిన తాయిలు, గురూజీలు కూడా ఇష్టమైతే రాయండి, సంఘంలో చేరినట్టు కాదు. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టండి. అవ్వా, నీకు మూడు భాషలొచ్చని నాకు తెలుసు, సంతలో నేను విన్నాను. పుస్తకం నీ దగ్గరికే ముందు వస్తుంది. చెప్పు, రాస్తారు.